ఫ్యాను కట్టేస్తే అప్పు తీరుతుందా?

పేరు రాయొద్దని కోరిన ఈ పాఠకురాలు విజయనగరం ఊరి చివర అద్దె ఇంట్లో ఉంటారు. వయసు 34. భర్త పైడిభీమవరంలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఓటీ కలుపుకొని చేతికి 19 వేలు వస్తాయి. బాబు ఎనిమిదో తరగతి, పాప మూడో తరగతి, ఇద్దరూ ప్రైవేటు స్కూల్లోనే. రెండేళ్ల కిందట ఆడపడుచు పెళ్లికని భర్త తమ బంధువుల్లోనే ఒకరి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చారు. నెలనెలా వడ్డీ కడుతున్నారు. అసలు మాత్రం కదల్లేదు.

అప్పటి నుంచి ఈవిడ ఇంటిఖర్చు బిగించారు. అర లీటరు పాలు పావు లీటరు అయ్యాయి. పిల్లలు నిద్రపోగానే ఫ్యాను కట్టేస్తారు. కూరగాయలు సాయంత్రం రైతుబజారు మూసేవేళకు వెళ్లి చౌకగా తెస్తారు. ఆటో ఎక్కరు. భర్త డబ్బాలో కూర మాని పచ్చడి, మజ్జిగ సర్దుతున్నారు. పొద్దున్న తను తరవాణి (పులియబెట్టిన గంజి) తాగి సరిపెట్టుకుంటారు. ఇలా నెలకు 1,700 దాకా మిగిల్చి ఇప్పటికి 41 వేలు కూడబెట్టారు. అందులో 26 వేలు రాజాంలో ఉన్న అప్ప (అక్క) దగ్గర, మిగతాది బీరువాలో చీరల మధ్య ఉంది. భర్తకు ఈ సంగతి తెలియదు. ఎందుకు చెప్పలేదంటే, పెళ్లప్పుకు ముందు ఒకసారి స్కూలు ఫీజుకని దాచిన 12 వేలు ఆయన ఒక స్నేహితుడికి చేబదులు ఇచ్చేశారు. అవి తిరిగి రాలేదు.

ఈమధ్య చుట్టాలు వచ్చినప్పుడు పాప అందరి ముందూ “మా అమ్మ రాత్రి ఫ్యాను కట్టేస్తాది, మాకు ఉక్కపోస్తాది” అంది. వాళ్లు వెళ్లాక భర్త “ఇంత పిసినారితనం ఏటి, ఇది ఇల్లా జైలా” అని అరిచారట. వారం రోజులు మాటల్లేవు. “నేను చేసింది తప్పా? ఇంకా ఎక్కడ తగ్గించాలి? కుట్టు మిషను ఉంది, దానితో నాలుగు డబ్బులు వస్తాయా? మా వీధిలో ఒకావిడ 3,000 డిపాజిట్టు కడితే ఇంట్లోనే ప్యాకింగ్ పని ఇప్పిస్తానంటోంది, చేరమంటారా? వచ్చే నెల పాప పుట్టినరోజు, కేకు అడుగుతోంది, అది కూడా వద్దనాలా?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు కాగితం, పెన్ను తీసుకున్నాను. 60 వేలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,800. రెండేళ్లకు 43,200. మీరు నోరు కట్టుకుని, పిల్లల నోరు కూడా కట్టి దాచింది 41 వేలు. అంటే మీరు కూడబెట్టినదాని కంటే వడ్డీకి పోయిందే ఎక్కువ. పైగా అప్పు తెచ్చిననాడు ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది.

నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36. అదే మీ 41 వేలు చీరల మధ్యా, అప్ప ఇంట్లోనూ ఒక్క రూపాయి కూడా పెరగకుండా కూర్చున్నాయి. ఇన్నాళ్లూ అడుగున చిల్లున్న బిందెను మీరు చెంబుతో నింపుతూ వచ్చారు. మీరు పొదుపు చేయడంలో తప్పు లేదు, ఆ ఓపిక అందరికీ ఉండదు. కానీ “ఇంకా ఎక్కడ తగ్గించాలి” అని అడిగారు చూడండి, తగ్గించాల్సింది వంటింట్లో లేదు. ఆ వడ్డీలో ఉంది.

ఫ్యాను సంగతే చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. మీ శ్లాబులో యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా నెలకు 90 రూపాయలు. మీ అప్పు రోజుకు 60 రూపాయలు తింటోంది. అంటే ఫ్యాను నెలంతా తిరిగితే అయ్యే ఖర్చు, వడ్డీ రూపంలో ఒకటిన్నర రోజులో పోతోంది. ఈ రాత్రి నుంచే ఫ్యాను వేయండి. ఉక్కలో నిద్రలేని పిల్లలు మర్నాడు బడిలో ఏం చదువుతారు?

డబ్బా విషయంలో కూడా లెక్క తిరగబడింది. కూర మానేశాక ఆయన కంపెనీ గేటు బయట బజ్జీలో పరోటాలో కొనుక్కుంటున్నారని మీరే రాశారు. ఇంట్లో పది రూపాయల కూర మిగిల్చుకుంటే బయట నలభై ఖర్చయింది. అది మీ ఖాతాలో పడదు కాబట్టి మిగిలినట్టు కనిపిస్తోంది, అంతే. పాలు తగ్గించడం వల్ల నెలకు నాలుగైదు వందలు నిజంగానే మిగులుతున్నాయి, కాదనను. కానీ పిల్లలు ఎదిగే వయసులో ఉన్నారు. పాలు మళ్లీ పెంచలేని నెల ఉంటే పొద్దున్న చోడి (రాగి) అంబలి ఇవ్వండి. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, మన సంతల్లో చౌకగా దొరుకుతాయి. మీ తరవాణి గురించి సిగ్గుపడుతూ రాశారు. ఎందుకమ్మా సిగ్గు? మన ఉత్తరాంధ్రలో కలిగినవాళ్లు కూడా ఎండాకాలం దానికోసం కుండ పెట్టుకుంటారు. ఇష్టంగా తాగితే తాగండి. పిల్లలకు మిగలాలని మీరు టిఫిను మానేసి తాగుతుంటే మాత్రం మానండి.

రైతుబజారుకు సాయంత్రం వెళ్లడం మంచి అలవాటే. అయితే తెచ్చిన వంకాయల్లో ఎన్ని పుచ్చి పారేస్తున్నారో ఒక వారం చూసుకోండి. ఆకుకూరలు, వంకాయలు, బెండకాయలు పొద్దున్న తెచ్చుకుని, నిల్వుండే ఉల్లి, దుంపలు, గుమ్మడి సాయంత్రం తెచ్చుకుంటే సరిపోతుంది. చింతపండు ఏడాదికి సరిపడా వేసవి మొదట్లో కొత్త పంట దిగినప్పుడు కొనండి. పార్వతీపురం వైపు నుంచి వచ్చే కొండ చింతపండు అప్పుడు చవక. మిరపకాయలూ అంతే, కొత్త పంట వచ్చినప్పుడే. వీటిలో మిగిలే డబ్బు ఎవరి కడుపూ కాల్చదు.

వచ్చే డబ్బు వదులుకోకండి. తెల్ల కార్డు ఉందన్నారు. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. 2024 నవంబరు 1న ఆ పథకం మొదలైంది మన పక్క శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే. ఆ సిలిండర్ల రాయితీ డబ్బు ఖాతాలో పడుతోందో లేదో పాసుబుక్కులో చూసుకున్నారా? పడకపోతే ఈకేవైసీ దగ్గర ఆగి ఉంటుంది, గ్యాసు ఏజెన్సీలో అడగండి. రాజాం వెళ్లడానికి ఛార్జీ దండగని అప్ప ఇంటికి వెళ్లడమే తగ్గించానని రాశారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఆ 41 వేలతో ఏం చేయాలి?

ఒక దారి, మొత్తం పట్టుకెళ్లి అప్పులో కట్టేయడం. మిగిలేది 19 వేలు, వడ్డీ నెలకు 570కి దిగుతుంది. లెక్కకు ఇదే అన్నిటికంటే బాగుంటుంది. కానీ ఇంట్లో రూపాయి ఉండదు. నెల తిరక్కుండా ఎవరికైనా జ్వరమొచ్చి నాలుగు వేలు కావాల్సి వస్తే మళ్లీ అదే మూడు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కాలి. మీలా ఆపద గురించి భయపడే మనిషికి ఇలా ఊడ్చి పెట్టేస్తే నిద్ర పట్టదు.

రెండో దారి, 11 వేలు ఆపద కోసం ఉంచుకుని 30 వేలు కట్టడం. నాకు ఇదే నచ్చింది. ఆ రోజు నుంచి వడ్డీ సగమై 900 అవుతుంది. ఇప్పుడు మీ ఇల్లు నెలకు వడ్డీకి 1,800, దాపుడుకు 1,700, మొత్తం 3,500 పక్కకు తీస్తోంది. అదే 3,500 అప్పు మీదే వేస్తూ పోతే మిగతా 30 వేలు దాదాపు పది నెలల్లో తీరిపోతుంది. పాలూ కూరా మళ్లీ పెంచితే ఇంకో రెండు మూడు నెలలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. ఆపద డబ్బు విషయంలో ఇంకొకటి. మీ ఆయన జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందేమో చూడండి. జీతం 21 వేలు దాటని వాళ్లకు, కాంట్రాక్టు మీద ఉన్నా, ఈఎస్ఐ వర్తిస్తుంది. కోత ఉంటే భార్యాపిల్లలకు కూడా వైద్యం దాని కిందే వస్తుంది. చాలామంది ప్రతి నెలా కోత కట్టించుకుంటూ కూడా కార్డు తీసుకోకుండా ప్రైవేటు క్లినిక్కులకు తిరుగుతారు.

మూడోది మీ గొలుసు. పుట్టింటివారు పెట్టిన రెండు తులాల గొలుసును చచ్చినా కదిలించనని రాశారు. కదిలించమని చెప్పను, లెక్క మాత్రం చెబుతాను. బ్యాంకులో బంగారం మీద అప్పు నూటికి నెలకు రూపాయి లోపే పడుతుంది. ఆ మిగతా 30 వేలు గొలుసు మీద తెచ్చి బంధువు అప్పు పూర్తిగా తీర్చేస్తే, పది నెలల్లో మీకు మిగిలేది దాదాపు నాలుగు వేలే. మనసు చంపుకోవడానికి నాలుగు వేలు చాలవనిపిస్తే గొలుసు మెడలోనే ఉంచుకోండి. అయితే అప్పిచ్చినాయన “విడతలుగా ఒప్పుకోను, ఇస్తే 60 వేలూ ఒకేసారి ఇవ్వు” అంటే అప్పుడు గొలుసుకు పని ఉంది. ఆ పరిస్థితి వస్తే బ్యాంకుకే వెళ్లండి. వీధిలో బోర్డులు పెట్టే ఫైనాన్సు కొట్లలో వడ్డీ ఎక్కువ, గడువు దాటితే వేలం నోటీసూ త్వరగానే వస్తుంది.

ఏ దారిలో వెళ్లినా ప్రోనోటు మర్చిపోవద్దు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి మీ ఆయన సంతకం పెట్టాలి. దానివల్ల నోటు గడువు మళ్లీ మూడేళ్లు పెరుగుతుంది కాబట్టి అప్పిచ్చినాయనకూ మంచిదే, కాదనరు. మూడేళ్లు దగ్గరపడుతోందని ఆయన నోటు తిరగరాయమంటే మిగిలిన బాకీకే రాయాలి, పాత నోటు అక్కడే చేతికి తీసుకోవాలి. బంధువు కదా అని మొహమాటపడితే రేపు ఆయన పిల్లలు పాత నోటు పట్టుకుని వస్తారు.

ఇవన్నీ జరగాలంటే ఆ డబ్బు సంగతి మీ ఆయనకు తెలియాలి. మీ భయం అక్కడే ఉంది. ఆ భయం ఉత్తిది కాదు, 12 వేలు పోగొట్టుకున్నారు. మొగుడి దగ్గర దాచడం మహాపాపమని చెప్పేవాళ్లు చెబుతారు. నేను అనను. అడిగినవాళ్లకు కాదనలేని మగవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఇలా దాచబట్టే పిల్లల ఫీజులు కట్టగలిగారు. కానీ ఇప్పుడు ఆ దాపరికం మీకు నెలకు వందలకు వందలు ఖర్చు పెట్టిస్తోంది. పైగా మీ మీద పిసినారి అనే ముద్ర వేసింది. ఆ పొదుపు ఎటు పోతోందో ఆయనకు కనిపించదు. కనిపించేది ఆగిపోయిన ఫ్యాను, పచ్చడి డబ్బా.

చెప్పేటట్లయితే గొడవ జరిగిన రోజు చెప్పకండి. ఆయనకు నైట్ షిఫ్టు లేని ఆదివారం, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లాక కూర్చోండి. “నీ అప్పు వల్లే” అని మొదలుపెట్టారా, అక్కడితో అయిపోయింది. ఆ డబ్బు ఆయన చెల్లెలి పెళ్లికి తెచ్చారు, అన్నగా అది ఆయన బాధ్యత అనుకున్నారు. ఆడపడుచు పేరు ఎత్తకుండా కాగితం మీద 1,800, దాన్ని ఇరవై నాలుగు నెలలతో హెచ్చించి 43,200 అని రాసి చూపండి. పక్కనే మీరు దాచిన 41 వేలు రాయండి. ఆయనకు కోపం వస్తుంది, నా దగ్గర దాస్తావా అంటారు. రెండు రోజులు అననివ్వండి. ఆ 12 వేల మాట అప్పుడు చెప్పండి, ఒక్కసారే చెప్పండి. మళ్లీ ఎవరైనా చేబదులు అడిగితే ఇద్దరూ అనుకున్నాకే ఇవ్వాలన్న ఒప్పందం ఆరోజే చేసుకోవాలి.

ఆయన తాగి కొడతారనో, డబ్బు లాక్కుంటారనో భయమైతే వేరే సంగతి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. ఉంటే మాత్రం పై మాటలన్నీ పక్కన పెట్టి అప్పకు, పుట్టింటివాళ్లకు ముందు చెప్పండి.

చెప్పడానికి ఇంకా ధైర్యం చాలకపోతే మధ్యే మార్గం ఒకటుంది. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నారు కదా. సంఘం పొదుపు నుంచి తీసుకునే అంతర్గత అప్పు చాలా చోట్ల రూపాయి వడ్డీకే ఉంటుంది. ఆ అప్పు తెచ్చానని చెప్పి అసలులో కొంత కట్టించి, ఆ కిస్తులు మీ దాపుడు నుంచి తీర్చవచ్చు. ఆ మేరకు వడ్డీ భారం మూడో వంతుకు పడిపోతుంది, మీ రహస్యం అలాగే ఉంటుంది. కానీ ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడవుతుంది. ఒక్క కిస్తు తప్పినా సంఘంలో మిగతావాళ్ల ముందు మాట పడాలి. విజయనగరంలో ఒక వీధిలో జరిగింది ఇంకో వీధికి చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు.

అప్ప దగ్గర ఉన్న 26 వేలు మాత్రం ఏ దారి ఎంచుకున్నా వెనక్కి తెచ్చుకోండి. ఆవిడ మీద అనుమానంతో కాదు. ఆవిడ ఇంట్లో అవసరం పడి వాడుకుంటే అడగలేరు, అడిగితే అక్కాచెల్లెళ్ల మధ్య మాట తేడా వస్తుంది. మీ పేరున పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా 500తో తెరవొచ్చు. అప్పు తీరాక అదే 1,700 పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. నెలకు 100 నుంచి కట్టొచ్చు, ఐదేళ్ల గడువు, ఏడాదికి 6.7 శాతం వడ్డీ ఇస్తున్నారు. నెలకు వెయ్యి కడితే ఐదేళ్లకు 71 వేలు పైచిలుకు చేతికి వస్తాయి. మధ్యలో తీయడం కష్టం, మీ ఇంటికి అదే మేలు. ఎవరైనా చేబదులుకు వస్తే మీ ఆయన మొహమాటం లేకుండా “ఆర్‌డీలో ఉందిరా, రాదు” అనగలరు. కానీ అప్పు తీరకముందు ఇందులో వేయకండి. 36 కడుతూ 6.7 సంపాదించడంలో అర్థం లేదు.

కుట్టు మిషను గురించి. ఫాలు కుట్టి పీకో చేస్తే మీ వీధిలో 80 ఇస్తారని రాశారు. ఫాలు గుడ్డ, దారం, కరెంటు పోగా చేతిలో మిగిలేది ఎంతో, ఒక చీరకు ఎంతసేపు పడుతుందో ముందు లెక్క వేసుకోండి. రోజుకు రెండు చీరలు వచ్చినా నెలకు మీరు ఇప్పుడు నోరు కట్టుకుని మిగులుస్తున్నదాని కంటే ఎక్కువే వస్తుంది. అయితే పని ఏడాదంతా ఒకేలా ఉండదు. దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమాను పండగ దాకా, మళ్లీ సంక్రాంతికి ఊపిరాడదు. మూఢాల్లో పెళ్లి జాకెట్లు ఉండవు. జూన్‌లో స్కూలు యూనిఫాంలు సరిచేయడం, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం లాంటి చిన్న పనులు అందరూ చిన్నచూపు చూస్తారు కానీ రోజూ డబ్బు ఇచ్చేవి అవే. జాకెట్ల జోలికి వెంటనే వెళ్లకండి. ఒక్క పట్టు జాకెట్టు పాడైతే నెల సంపాదన నష్టపరిహారానికి పోతుంది.

ఇరుగుపొరుగు అరువు పెడతారు. అది ముందే తెగ్గొట్టాలి, డబ్బిచ్చి చీర తీసుకెళ్లడమే పద్ధతని మొదటి రోజే చెప్పండి. ఒకరిద్దరు మూతి ముడుస్తారు, మళ్లీ వాళ్లే వస్తారు. ఇంకో నష్టం కూడా ఉంది. సాయంత్రాలు మిషను మీద కూర్చుంటే పాప చదువు దగ్గర ఎవరు కూర్చుంటారు? మీ ఆయన కూర్చుంటారా, బాబు చూసుకుంటాడా అన్నది ముందే మాట్లాడుకోండి.

పాప పుట్టినరోజుకు కేకు కొనండి. అరకిలోది చాలు. మీ ఆయన్ని తీసుకురమ్మనండి.

ఇక ఆ ప్యాకింగ్ పని. పైవాటిల్లో మీ ఇష్టానికి వదిలేశాను కానీ ఇక్కడ వదలను. చేరొద్దు. పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇవ్వాలి, మన దగ్గర తీసుకోకూడదు. మొదటి నెల కొంచెం సరుకు ఇస్తారు, తర్వాత నాణ్యత లేదని వెనక్కి కొడతారు, ఆ తర్వాత ఫోను ఎత్తరు. చేరమంటున్న ఆవిడ కూడా బహుశా మోసపోయిన మనిషే అయి ఉంటుంది, తన మూడు వేలు రాబట్టుకోవాలని మిమ్మల్ని లాగుతోంది. ఈ జవాబు మీకు చేరేలోపే ఫోన్‌పేలో కట్టేసి ఉంటే స్క్రీన్‌షాట్లు దాచి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ.